రెండు వంటల బెల్లం

మా ఇంట్లో ఏదీ చూడకుండా కొనరు. అగ్గిపెట్టె కొన్నా అక్కడే ఒక పుల్ల గీసి చూస్తారు. ఇది నాన్న వ్యాపారం వల్ల అందరికీ అంటుకున్న జబ్బు. ఆయనది అనకాపల్లి మార్కెట్లో బెల్లం కమీషన్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు దిమ్మలు తెచ్చి మా కొట్లో పేరుస్తారు, వర్తకులు వచ్చి వేలంపాట పాడతారు, మధ్యలో రైతు తరఫున నాన్న నిలబడతాడు. పాటకి ముందు ప్రతి వర్తకుడూ ఒక దిమ్మ అంచు విరిచి, ముక్కని వెలుగుకి పెట్టి రంగు చూసి, నాలిక మీద వేసుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. అంచేత ఇంటర్ అయిపోయాక నేను ఫిల్మ్ స్కూల్లో చేరతానన్నప్పుడు నాన్న కోప్పడలేదు, ఎందుకని అడగనూలేదు. శాంపిలు చూపించమన్నాడు.

అమ్మ మాత్రం అప్పటికే ఊళ్లో డిగ్రీ కాలేజీలో నాకు బీకాం సీటు ఖాయం చేసేసుకుంది. అప్లికేషనే పెట్టలేదు, అయినా ఆవిడ మనసులో నేను రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడివేడిగా అన్నం తిని మళ్లీ కాలేజీకి వెళ్లిపోతున్నాను. ఆ కాలేజీ గురించి ఆవిడ చెప్పే గొప్ప ఒక్కటే, ఆటో ఎక్కక్కర్లేనంత దగ్గర. బీకాం అయ్యాక కొట్టు లెక్కలు, జీఎస్టీ నేను చూసుకుంటే నాన్నకి బయటివాళ్లని బతిమాలే పని తప్పుతుంది. వినడానికి అంతా సవ్యంగానే ఉండేది. నాకు పడనిది అదే. నా బతుకు గురించి ఎవరైనా అంత సవ్యంగా చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ అంతే.

ఫిల్మ్ స్కూలు గురించి నాకు తెలిసింది ఫోన్లో చూసిందే. హైదరాబాదు అవతల ఎక్కడో ఉంది. అందులో ఎడిటింగ్ కోర్సు. చేరాలంటే మన ఊరి మీద అయిదు నిమిషాల సినిమా తీసి పంపాలి, అది నచ్చితే మాట్లాడటానికి పిలుస్తారు. నేను అప్పటికి చేసిందల్లా చుట్టాల పెళ్లి వీడియోలు ఫోన్లో ముక్కలు చేసి, పాట తగిలించి, వాట్సాప్ గ్రూపులో పెట్టడం. మా పిన్ని కూతురి పెళ్లి వీడియోలో అప్పగింతలకి పెళ్లికూతురి కన్నా ముందు పెళ్లికొడుకు కళ్లు తుడుచుకున్నట్టు పెట్టాను. పాపం అతను పొగకి తుడుచుకున్నాడు. ఆ వీడియో చూసి మా వాళ్లంతా అబ్బాయి ఎంత మెత్తనివాడో అని మురిసిపోయారు. ఆ రోజే నాకు ఈ పని మీద మనసు పడింది.

నాన్న తన పద్ధతిలో తను విచారణ చేశాడు. సినిమా లైనులో ఆయనకి తెలిసిన మనిషి ఒక్కడే, ఊళ్లో ఒక థియేటరు మేనేజరు. నాన్న వెళ్లి మా అమ్మాయి ఈ చదువు చదవచ్చా అని అడిగాడట. ఆయన గంటసేపు ఆలోచించి, ఒకప్పుడు సినిమా రేకు పెట్టెల్లో వచ్చేదని, ఇప్పుడు గాల్లోంచి దిగుతోందని, రేపు ఎటునుంచి వస్తుందో తనకే తెలీదని, అలాంటప్పుడు పిల్లకి ఏం చెప్పగలనని చేతులెత్తేశాడు. టీ మాత్రం ఇప్పించాడు. నాన్న ఇంటికొచ్చి అదంతా అమ్మకి చెప్తే, అమ్మకి బీకాం మీద నమ్మకం ఇంకా పెరిగింది.

ఆ ఎండాకాలం నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలిసేది కాదు. ఫిల్మ్ స్కూల్లో చేరి పనికిరాకుండా పోతే? మూడేళ్ల తర్వాత ఇదే వీధిలోకి ఏ డిగ్రీ లేకుండా తిరిగొస్తే? అలా అనుకున్న రోజు బుద్ధిగా బీకాం చదువుదామనుకునేదాన్ని. సాయంత్రానికి అమ్మ ఎవరితోనో ఫోన్లో "మా గుంట ఇక్కడే సదువుకుంటాది" అని చెప్పడం వినపడేది. అంతే, మళ్లీ ఒంటికాలి మీద లేచేదాన్ని.

శాంపిలు కోసం కొట్లోనే కెమెరా పెట్టాను. కెమెరా అంటే మా అన్నయ్యవరస ఒకాయన దగ్గర అరువు తెచ్చినది. మొదట్లో తీసిందంతా చెత్త. దిమ్మలు మోసే కళాసీలు నన్ను చూడగానే తల దువ్వుకునేవారు. వర్తకులు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవారు. నాన్నయితే ఇస్త్రీ చొక్కా లేకుండా కొట్టుకే రావడం మానేశాడు. కొన్నాళ్లకి అందరికీ విసుగొచ్చింది. నేనూ ఒక మూట కిందే లెక్క అయిపోయాను. అప్పట్నుంచి నిజంగా తీయడం మొదలైంది.

మునగపాక వైపు నుంచి మాకు ఒక రైతు వచ్చేవాడు. నేను పుట్టక ముందు నుంచీ ఆయన బెల్లం మా కొట్టుకే. నాన్నా ఆయనా ఒకర్నొకరు మామా అని పిలుచుకునేవారు, ఎవరు ఎవరికి మామో ఇద్దరికీ తెలీదు. నాకు ఆయన మావయ్య. వచ్చినప్పుడల్లా నా చదువు గురించి అడిగి, నేను చెప్పిందానికి అర్థమైనట్టు తల ఊపేవాడు. నేను తీస్తున్న రోజుల్లోనే ఒకసారి ఆయన బెల్లం రంగు తక్కువొచ్చింది. వర్తకులు ముక్క విరిచి, వెలుగుకి పెట్టి, మాట్లాడకుండా కింద పడేసి ముందుకి వెళ్లిపోయారు. చివరికి పాట బాగా తక్కువకి ఆగింది. పాట జరిగేటప్పుడు రైతు నోరెత్తడు, అది మా దగ్గర పద్ధతి. మావయ్య పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. అంతా అయ్యాక లేచి, విరిచిన అంచు దగ్గర రాలిన పొడిని తువ్వాలుతో తుడిచాడు, పిల్లాడికి దెబ్బ తగిలిన చోట తుడిచినట్టు. తర్వాత తల ఎత్తి ఎటో చూశాడు. ఆ చూపు నా కెమెరాలో పడింది.

మరో రోజు కొట్టు ముందు టీ తాగుతూ వర్తకులెవరో నాన్నకి ఏదో చెప్పారు. ఎవరో పెళ్లిచూపులకి వెళ్లి తప్పు ఇంట్లో టిఫిను తినేసి వచ్చిన సంగతి. నాన్న తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, భుజాలు ఎగిరేలా నవ్వాడు. నాన్న అలా నవ్వడం ఎప్పుడో గానీ జరగదు. అదీ కెమెరాలో పడింది.

ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని మావయ్య చూపు పక్కన చాలా పెట్టి చూశాను. దిమ్మలు పెట్టాను, కాటా పెట్టాను, ఖాళీ వీధి పెట్టాను. ఏదీ అతకలేదు. విసుగొచ్చి నాన్న నవ్వు పెట్టాను. ఒళ్లు జల్లుమంది. అప్పటిదాకా అది మార్కెట్టు, ఆ క్షణం నుంచి సినిమా. ఆ చూపు ఆ నవ్వునే చూస్తున్నట్టుంది. ఆ నవ్వు ఆ మనిషి మీదే నవ్వుతున్నట్టుంది. వెనక్కి వెనక్కి వెళ్లి చూసుకున్నాను. కుర్చీలో ఉండలేక గదిలో అటూ ఇటూ తిరిగి మళ్లీ చూసుకున్నాను.

మర్నాడు భోజనాలయ్యాక నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, వర్తకుడు ముక్క చూసినట్టే చూశాడు. నవ్వు వచ్చిన చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ తిప్పమన్నాడు.

"ఈ నవ్వు ఆ రోజుది కాదు," అన్నాడు. "మామ బెల్లం అలగ పోయిన రోజు నేను నవ్వలేదు. అన్నం కూడా సరిగ్గా తిన్లేదు, మీ అమ్మనడుగు."

అమ్మ వంటింట్లోంచే అవునంది. నవ్వు ఏ రోజుదైనా నీదే కదా అన్నాను. నాదే అన్నాడు. మొహం మావయ్యదే కదా అన్నాను. ఆయనదే అన్నాడు. అయితే ఇంకేమిటి అన్నాను.

"రెండు వంటలు కలిపేవు," అన్నాడు.

ఆ మాట బరువు బయటివాళ్లకి తెలీదు. మా మార్కెట్లో ఒక వంట బెల్లానికి ఒక వరస. రైతు ఒకడే అయినా, రంగు ఒకటే అయినా, నిన్న వండినదాన్నీ ఇవాళ వండినదాన్నీ ఒకే వరసలో పేర్చకూడదు. వర్తకుడు ఒక్క దిమ్మ ముక్క చూసి వరసంతా కొంటాడు కాబట్టి ఆ ముక్క మిగతా అన్నిటి తరఫునా నిజం చెప్పాలి. రెండు వంటలు కలిపాడన్న పేరొస్తే ఆ కొట్టువైపు ఎవరూ చూడరు. నాన్న తన జీవితంలో ఎవర్నైనా తిట్టాడంటే ఈ మాటతోనే తిట్టాడు. దాన్ని నా మీద వాడేసరికి నాకు తల తిరిగిపోయింది. సినిమా అంటేనే కలపడమని, ఆ కలపడం నేర్చుకోడానికే వెళ్తానంటున్నానని గొంతు పెంచి చెప్పాను. నాన్న గొంతు పెంచలేదు. లాప్‌టాప్ మూత తనే నెమ్మదిగా దించాడు.

"ముందు మామకి చూపించు. ఆయన సరేనంటే పంపుకో. నేను అడ్డు చెప్పను."

నాన్న ధీమా ఏమిటో నాకు తెలుసు. ఇన్నేళ్ల స్నేహం. మావయ్య ఆ నవ్వు చూసి, ఇదేటమ్మా మీ నాన్నని ఇలగ సేసేవు అని నన్ను నాలుగు దులుపుతాడని, దాంతో నా తిక్క కుదురుతుందని నాన్న లెక్క. నాకూ లోపల అదే భయం.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి మావయ్య ఊరు వెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి నేను పక్కకి జరిగి ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. తన దిమ్మలు కనపడగానే మురిసిపోయాడు. తను కనపడగానే సిగ్గుపడి మీసం సవరించుకున్నాడు. ఆ తర్వాత నవ్వు వచ్చింది. ఆయన చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

నమ్మేశాడు. ఇన్నేళ్లుగా తెలిసిన మనిషి మీద, నేను ఒక మధ్యాహ్నం అతికించిన ముక్కని నమ్మేశాడు. ఆ క్షణంలో నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. నా కట్ పని చేసింది. లేచి పరుగెత్తాలనిపించింది. సిగ్గు ఆ వెనకాల వచ్చింది, అదీ తీరిగ్గా.

సినిమా అయిపోయింది. మావయ్య మళ్లీ తాడు అందుకున్నాడు. ఆ నవ్వు వేరే రోజుదని, నాన్న నవ్వింది ఇంకెవరి సంగతికో అని, నేనే రెండూ పక్కపక్కన పెట్టానని గబగబా చెప్పాను. ఆయన తల ఊపాడు, నా చదువు గురించి విన్నప్పుడు ఊపినట్టే.

"పోన్లేమ్మా. యాపారం అన్నాక నవ్వుతారు," అన్నాడు. "నీ సదువుకి పనికొత్తాదంటే పంపుకో. నానెందుకు వద్దంటాను."

ఇంటికొచ్చి మావయ్య సరేనన్నాడని నాన్నకి చెప్పాను. నాన్న కాసేపు నా మొహం చూశాడు. ఇంకేమన్నాడని అడగలేదు, నేను చెప్పలేదు. సినిమా అలాగే పంపించేశాను. వేరేలా పేర్చి పంపొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పేర్చి చూశాను. నవ్వు తీసేస్తే అందులో ప్రాణం లేదు. ఆ కట్ ఇవాళ నా చేతికిచ్చినా తీయను. ఇందులో నన్ను ఎవరూ మార్చలేరు.

ఫిల్మ్ స్కూలు వాళ్లు పిలిచారు. ఫోన్లోనే, వీడియోలో మాట్లాడారు. ముగ్గురు కూర్చుని ఆ ఒక్క కట్ గురించే అడిగారు. ఆ నవ్వే మనిషి ఎవరని అడిగితే మా నాన్న అన్నాను. వాళ్లలో ఒకావిడ అబ్బా అని వెనక్కి వాలింది, చాలా ధైర్యం చేశావంది. థాంక్స్ అన్నాను. సీటు వచ్చిందని మెయిల్ కూడా త్వరగానే వచ్చింది. ఈలోగా అమ్మ పోరు పడలేక డిగ్రీకీ అప్లై చేశాను, అదీ వచ్చింది. రెండింటిలో ఏదో ఒకటి చెప్పాలి. చేరతానని ఫిల్మ్ స్కూలుకి రాసి, పంపకుండా ఉంచి, చెరిపి, మళ్లీ రాసేదాన్ని.

అలా ఉండగా మావయ్యకి ఆ ఏడాది చివరి వంట మిగిలింది. అది తెచ్చే రోజు పొద్దున్న నేను కొట్లోనే ఉన్నాను. నాన్న బండి కోసం మెట్టు మీద నిలబడ్డాడు, కళాసీలు వరసకి జాగా చేసి ఉంచారు. దిమ్మలతో ట్రక్ ఆటో మలుపు తిరిగింది. డ్రైవరు పక్కన మావయ్య. నాన్న నవ్వు మొహంతో ఒక అడుగు కిందికి దిగాడు. ఆటో ఆగలేదు. మావయ్య తిన్నగా ముందుకే చూస్తున్నాడు. మా కొట్టు దాటి, ఇంకో రెండు కొట్లు దాటి, వేరేవాళ్ల కొట్టు ముందు ఆగింది.

నాన్న అక్కడే నిలబడి దిమ్మలు దించడం పూర్తయ్యేదాకా చూశాడు. తర్వాత లోపలికొచ్చి ఆ జాగాలో వేరేవాళ్లవి పేర్చమని కళాసీలకి చెప్పాడు. వాళ్లు వెళ్లాక నన్ను అడిగాడు.

"మామ ఆ రోజు ఏటన్నాడు?"

చెప్పాను. వ్యాపారం అన్నాక నవ్వుతారు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న వాచీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నువ్వు వెళ్లి మాట్లాడు నాన్నా అని బతిమాలాను. నేను నవ్వలేదని నేనే వెళ్లి చెప్పుకోవాలా అన్నాడు.

నేనే వెళ్లాను. ఈసారి కత్తిరించని వీడియో అంతా పట్టుకెళ్లాను. ఆయన బెల్లం పాట జరిగిన రోజుది మొదట్నుంచి చివరిదాకా, నాన్న నవ్విన రోజుది మొదట్నుంచి చివరిదాకా, దేనికది విడివిడిగా. పాట అయ్యాక నాన్న ఒక మూట మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోవడం అందులో ఉంది. మొదటిసారి నేను దాన్ని పనికిరాదని పక్కన పడేశాను. మావయ్య ఓపిగ్గా చూశాడు. కాసేపు చూసి పశువులకి నీళ్లు పెట్టి వచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. నాన్న మూట మీద కూర్చున్న చోటుకి వచ్చేసరికి ఆయనకి కునుకు పట్టింది. లేపాను. ఇదిగో, ఆ రోజు నాన్న ఇలా ఉన్నాడు చూడు అని వేలుపెట్టి చూపించాను.

"సూసేనమ్మా," అన్నాడు. "ఇందులో ఏటుంది, ఊరికే కూకున్నాడు. మొన్నటిదే బాగుంది."

నాన్న నవ్వలేదు మావయ్యా, నన్ను నమ్ము అన్నాను.

"నువ్వు సెప్తే నమ్ముతాను. అలగని నా కళ్లతో సూసింది లేదనుకోమంటే ఎలగ?"

తిరుగు ఆటోలో ఏడ్చాను. మావయ్య మీద కోపంతో ఏడ్చాను, నాన్న పంతం మీద కోపంతో ఏడ్చాను, వీటన్నిటి అడుగునా ఆ పని నాకు ఎంత బాగా వచ్చో తెలిసినందుకు ఏడ్చాను. బీకాంలో చేరిపోతే ఇదంతా చెల్లిపోతుందేమో అని ఆలోచించాను. రోజూ నాన్న పక్కన కొట్లో కూర్చుని, లెక్కలు చూసి, అలా ఈ అప్పు తీర్చుకోవచ్చు. ఊరు దగ్గరపడేకొద్దీ ఆ ఆలోచన నాకు ఊపిరాడనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న ముందుగదిలో ఉన్నాడు. మావయ్య నమ్మలేదని చెప్పాను. తెలుసన్నట్టు తలాడించాడు. అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మరి ఎల్తావా?" అన్నాడు నాన్న.

ఇంత జరిగాక ఉండిపోతానని చెప్పాలని అమ్మ మొహంలో ఆశ. నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఎల్తాను," అన్నాను.

"ఎల్లు. బాగా నేర్చుకో," అన్నాడు. ఆ తర్వాత, ఏ కోపం లేకుండా, కూరలో ఉప్పు తగ్గించమన్నంత మామూలుగా అన్నాడు. "నన్ను మాత్రం ఇంక తియ్యకు."

ఇప్పుడు నేను చివరి ఏడాదిలో ఉన్నాను. స్కూల్లో నా ఎడిటింగ్‌కి మంచి పేరే ఉంది. నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, తిన్నావా అంటాడు, ఎండల గురించి చెప్తాడు, మామూలు ఫోనే, వీడియో కాల్ మాత్రం చెయ్యడు. సెలవులకి ఇంటికెళ్తే స్టేషనుకి వస్తాడు, నా బ్యాగు తనే మోస్తాడు, నా పక్కనే కూర్చుని అన్నం తింటాడు. టైము చూసుకుందామని ఫోను చేతిలోకి తీసుకుంటానా, కంచం పట్టుకుని లేచి అవతలి గదిలోకి వెళ్లిపోతాడు.